విరాటపర్వం తెరకెక్కించాలంటే ముందు చేతులు చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. క్లుప్తంగా మీరడిగింది ఇదీ: మహాభారతంలోని విరాటపర్వాన్ని ఎనిమిది ఎపిసోడ్ల వెబ్ సిరీస్‌గా రాయాలనుకుంటున్నారు. ఏ ప్రతిని పట్టుకోవాలి, ఎంతవరకు మార్చొచ్చు, పాత్రలు ఏ తెలుగు మాట్లాడాలి, మనోభావాల గొడవ వస్తే ఏం చేయాలి? చివర్లో "ఆరు నెలలుగా వన్‌లైన్ ఆర్డర్ (సీన్లని ఒక్కో లైనులో వరసగా రాసుకునే జాబితా) దగ్గరే ఆగిపోయాను, టెన్షన్‌గా ఉంది" అన్నారు.

ఇరవై ఏళ్ల పైగా పౌరాణిక సీరియళ్లకి రాస్తున్నాను. మధ్యలో ఒకటి రెండు సినిమాలకీ చేశాను. చాలావరకు టైటిల్స్‌లో పేరు పడని రాతే. ఆ అనుభవంతో చెప్తున్నాను, మీరు ఆగిపోయింది కథ తెలియక కాదు, మరీ ఎక్కువ తెలిసిపోయి. భారతం మనకి చదవకముందే వచ్చేస్తుంది. సినిమాలు, నాటకాలు, హరికథలు, అమ్మమ్మలు అందరూ కలిసి ముందే మన బుర్రలో షూటింగ్ చేసి పెట్టారు. ఆ ఫుటేజీనే మళ్లీ రాస్తే కొత్తగా ఉండదు, దాన్ని పక్కన పెడదామంటే చేతిలో ఏమీ మిగలదు.

నా సంగతే చెప్తాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక సీరియల్‌కి అసిస్టెంట్‌గా ఉండేవాణ్ని. మయసభ సీన్ నా చేతికిచ్చారు. దుర్యోధనుడు నీళ్లలో పడతాడు, మేడ మీద నుంచి ద్రౌపది పకపకా నవ్వి "గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే" అంటుంది. అరగంటలో రాసి పడేశాను. సిట్టింగ్‌లో చదువుతుంటే, సలహాదారుగా కూర్చోబెట్టిన ఒక రిటైర్డ్ సంస్కృతం మాస్టారు అంతా విని, "వ్యాసుడిలో ఎక్కడుంది నాయనా, శ్లోకం చూపించు" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

మూడు రోజులు వెతికాను. ఆ మాట లేదు. సభాపర్వంలో ఆ ఘట్టం నడుస్తున్నప్పుడు నవ్వినవాళ్లు భీముడు, అర్జునుడు, నకుల సహదేవులు. ద్రౌపది పేరు అక్కడ రాదు. కృష్ణుడైతే అప్పటికే ద్వారకకి వెళ్లిపోయాడు. కానీ కాస్త ముందుకెళ్తే, దుర్యోధనుడు హస్తినాపురంలో తండ్రి ముందు కూర్చుని మొరపెట్టుకుంటాడు. అక్కడ మాత్రం కృష్ణుడు అర్జునుడితో కలిసి గట్టిగా నవ్వాడని, ద్రౌపది ఆడవాళ్లతో కలిసి నవ్విందని చెప్తాడు.

ఊళ్లోనే లేని మనిషి నవ్వాడని చెప్తున్నాడు! జరిగింది ఒకటి, అవమానపడ్డవాడు దారంతా నెమరేసుకుంటూ ఇంటికొచ్చి చెప్పింది ఇంకొకటి. ఒకే సంఘటనని రెండుసార్లు తీయండి, మొదట జరిగినట్టు, తర్వాత అతను చెప్పినట్టు. రెండోసారి ఫ్రేములో ద్రౌపది ఉంటుంది, కృష్ణుడు ఉంటాడు, నవ్వు ఇంకాస్త పెద్దగా ఉంటుంది. నేను రాసిన డైలాగుకన్నా ఇందులో సినిమా ఎక్కువ ఉంది, పైగా రాసిపెట్టి ఉంది. మావాళ్లు ఒప్పుకోలేదనుకోండి. "జనం ఆ డైలాగ్ కోసమే కూర్చుంటారండీ" అని పాతదే తీశారు. అది వేరే సంగతి. ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది.

కాబట్టి వన్‌లైన్ ఆర్డర్ మూసేయండి. నెల రోజులు సినిమాలూ సీరియళ్లూ చూడకండి. పర్వం ఒక్కటే చదవండి, పెన్సిల్ పట్టుకుని. చదువుతూ డైలాగులు, యుద్ధాలు గుర్తు పెట్టుకోకండి. ఎవరైనా చేత్తోనో కాలితోనో కంటితోనో చేసిన చిన్న చేష్ట కనిపిస్తే దాని కింద గీత గీయండి. వ్యాసుడు మనిషి మనసులో ఏముందో పేజీలు పేజీలు వివరించడు. ఒక చేష్ట చెప్పి ముందుకెళ్లిపోతాడు. కెమెరాకి కావాల్సింది అదే.

ఇక ఏ ప్రతి అన్న సంగతి. మూడు దగ్గర పెట్టుకోండి. మొదటిది పుణెలోని భండార్కర్ సంస్థ 1919లో మొదలుపెట్టి 1966లో ముగించిన సంశోధిత ప్రతి. వెయ్యికి పైగా వ్రాతప్రతులు పోల్చి, తర్వాత చేరినట్టు కనిపించినవాటిని అడుగున అధోజ్ఞాపికల్లోకి దించారు. అందులో విరాటపర్వం 1936లో రఘువీర సంపాదకత్వంలో వచ్చింది, 67 అధ్యాయాలు. రెండోది అర్థంతో పాటు దొరికే మామూలు వాడుక ప్రతి ఏదైనా. దక్షిణాది వ్రాతప్రతుల్లో ఈ పర్వం బాగా పెరిగి ఉంటుంది. వానలు పడకపోతే విరాటపర్వం చదివించే అలవాటు మనవైపు ఉంది కదా, అంత ఎక్కువగా చదివిన పర్వం పెరగకుండా ఎలా ఉంటుంది? మూడోది తిక్కన. ఇది తప్పనిసరి. విరాటపర్వం నుంచే ఆయన భారతం మొదలవుతుంది, అయిదు ఆశ్వాసాలు. తితిదే వాళ్లు అర్థతాత్పర్యాలతో వేసిన కవిత్రయ భారతం ఉంది, పద్యం కొరుకుడు పడకపోతే దాని సాయం తీసుకోండి.

సంశోధిత ప్రతిలో లేనిదంతా దొంగసరుకు అనుకునే కుర్రాళ్లని చాలామందిని చూశాను. అలా అనుకోకండి. అడుగున ఉన్న శ్లోకం కూడా వందల ఏళ్లుగా జనం నోట్లో ఉన్నదే. వాల్మీకిలో లక్ష్మణరేఖ లేదు, అయినా రేఖ లేని సీతాపహరణం తీస్తే ప్రేక్షకుడికి లోటుగానే ఉంటుంది. ఏది ఎక్కణ్నుంచి వచ్చిందో మీకు తెలిసి ఉండాలి, అంతే. తెలిసి వాడుకుంటే మీ నిర్ణయం, తెలియక వాడితే మీ మెడకి చుట్టుకునే తప్పు.

ఇప్పుడు చేతుల సంగతికి వస్తాను. మొదటిసారి విరాటపర్వం పెన్సిల్‌తో చదివినప్పుడు నేను గీతలు గీసినవన్నీ వరసగా చూసుకుంటే అన్నీ చేతులే.

బృహన్నలగా మారబోతూ అర్జునుడికొచ్చిన మొదటి ఇబ్బంది ఏమిటి? రెండు చేతుల మీదా వింటినారి ఒరుసుకుని కట్టిన కాయలు. మామూలు విలుకాడికి ఒక చేతికే ఉంటాయి, ఈయన సవ్యసాచి కాబట్టి రెండింటికీ. అవి దాచడం కష్టమని తనే అంటాడు, గాజులు వేసుకుని కప్పుకుంటానంటాడు. ఇంకోచోట, కీచకుడు అవమానించిన రాత్రి ద్రౌపది వంటశాలకి వెళ్లి, వలలుడన్న పేరుతో వంటవాడిగా ఉన్న భీముణ్ని లేపి తన చేతులు చాపి చూపిస్తుంది. విరాటుడికి చందనం నూరి నూరి కాయలు కాచిన చేతులు. ఒకప్పుడు ఇలా ఉండేవి కావు, చూడమంటుంది. భీముడు ఆ రెండు చేతులూ తన ముఖానికి ఆనించుకుని ఏడుస్తాడు. భారతంలో భీముడు గర్జించే సీన్లు అందరూ తీశారు. ఈ ఏడుపుని తెర మీద సరిగా చూసిన గుర్తు నాకు లేదు. పాచికలు వేసే ధర్మరాజు చెయ్యి ఎలాగూ ఉంది. ఆ చేత్తోనే రాజ్యం పోగొట్టాడు, ఇప్పుడు అదే చేత్తో కంకుభట్టుగా జీతానికి జూదం ఆడుతున్నాడు.

పేర్లు మార్చుకున్నారు, వేషాలు మార్చుకున్నారు, చేతులు మార్చుకోలేకపోయారు. నా మటుకు ఇదే మీ సిరీస్ వన్‌లైన్. మీకు ఇంకోటి తట్టొచ్చు, తట్టాలి కూడా. కానీ అది పర్వంలోంచి రావాలి.

అసలు సీను ఒకటి దగ్గరగా చూద్దాం. కీచకుడు తరుముకొస్తుంటే ద్రౌపది పరిగెత్తి విరాటుడి సభలోకి వస్తుంది. వాడు వెనకాలే వచ్చి జుట్టు పట్టి, రాజు చూస్తుండగా తన్నుతాడు. రాజు నోరెత్తడు. కీచకుడు సేనాని, పైగా రాణి సుదేష్ణ తమ్ముడు. బావమరిది బతకగోరతాడని సామెత ఉంది కానీ, ఈ బావమరిది దయ మీదే విరాటుడు బతుకుతున్నాడు. సభలో ధర్మరాజు ఉన్నాడు, భీముడు ఉన్నాడు. భీముడు లేవబోతాడు. లేస్తే అజ్ఞాతవాసం బయటపడుతుంది, మళ్లీ పన్నెండేళ్లు అడవి. అప్పుడు ధర్మరాజు చేసిన పని వ్యాసుడు సగం శ్లోకంలో చెప్పాడు. తన బొటనవేలితో తమ్ముడి బొటనవేలిని నొక్కాడు. అంతే.

దీన్ని సీన్ పేపర్ మీద మామూలుగా ఎలా రాస్తారో నాకు తెలుసు, నేనూ రాశాను కాబట్టి. భీముడి కళ్లు ఎర్రబడతాయి, నరాలు ఉబ్బుతాయి, ధర్మరాజు తల అడ్డంగా ఊపుతాడు, సంగీతం హోరెత్తుతుంది, ఆరుగురి ముఖాల మీద ఆరు రియాక్షన్ షాట్లు. టీవీలో అయితే దీంతో రెండు ఎపిసోడ్లు లాగొచ్చు. ఇవన్నీ తీసేసి ఒక్క బొటనవేలు ఉంచండి. గోరు తెల్లబడేదాకా నొక్కుతున్న వేలు. పక్కన నేల మీద పడి ఉన్న పాచికలు. ద్రౌపది కంఠం మాత్రం ఫ్రేము బయట నుంచి వినిపిస్తుంది. నటుడికీ సుఖం, ప్రేక్షకుడికి ఊపిరాడదు.

ఆ తర్వాత తిక్కనలో ఏముందో చూడండి, మీ రెండో ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. భీముడి చూపు సభ దగ్గర ఉన్న ఒక పెద్ద చెట్టు మీద పడింది, పీకి కీచకుణ్ని బాదాలని. అది ధర్మరాజు కనిపెట్టి అందరూ వినేలా అంటాడు, వంటవాడు కట్టెల కోసం చెట్టు చూస్తున్నాడు, పనికొచ్చే చెట్టు ఎందుకు, కట్టెలకి వేరేచోట చెట్లు లేవా అన్నట్టు. పైకి వంటచెరకు మాట, లోపల తమ్ముడికి ఆజ్ఞ. రెండు అర్థాల మాట ఇంత గండంలో కూడా ఎంత మామూలుగా వస్తుందో చూశారా?

ఇంకా ఉంది. ద్రౌపది ఏడుస్తుంటే ధర్మరాజు ఆమెని కసురుతాడు, వేళాపాళా తెలియకుండా నటకత్తెలా తిరుగుతున్నావు, సభలో ఆటకి అడ్డం వస్తున్నావు అని. వ్యాసుడు వాడిన మాట శైలూషి. దానికి ద్రౌపది జవాబు సంస్కృతంలో ఒకలా ఉంటుంది. ఎవరి అన్న జూదరో వాళ్ల కోసం నేనీ ధర్మం పాటిస్తున్నాను, వాళ్లు మరీ దయగలవాళ్లు, అందరికీ లోకువ అన్న ధోరణి. తిక్కన దాన్ని పట్టుకుని తిప్పేశాడు. ధర్మరాజు విసిరిన మాటనే ఆమె చేత తిరిగి విసిరించాడు. నా వల్లభుడు నటుడు, అది నిజమే కంకభట్టూ, పెద్దవాళ్లు ఎలా ఉంటే చిన్నవాళ్లూ అలాగే, మొగుడి తీరే నాకూ వచ్చింది, నేను నటకత్తెనంటే తప్పేముంది? సభలో ఉన్నవాళ్లకి ఒక ఆడమనిషి దెప్పిపొడుపు. వేషం కట్టి కూర్చున్న మొగుడికి గుండెలో గునపం.

ఎంతవరకు మార్చొచ్చు అని మీరడిగారు కదా. ఇంతవరకు మార్చొచ్చు. కథ కదల్లేదు, సీను ఫలితం మారలేదు, పాత్ర స్వభావం మారలేదు. కానీ మాట పూర్తిగా కొత్తది, అదీ మూలంలో పడున్న ఒక పదంలోంచి మొలిచింది. మన దగ్గర అనుసరణ గురించి సెమినార్లు పెట్టి విదేశీ పుస్తకాలు చదివిస్తారు. పదమూడో శతాబ్దంలో నెల్లూరాయన చేసి చూపించాడు.

కొలత పెద్దదైనా సూత్రం అదే. 1957లో వచ్చిన మాయాబజార్‌లో పాండవులు ఒక్కరూ తెర మీద కనిపించరు, ఆ పెళ్లి కథ వ్యాసుడిలో లేనే లేదు. అయినా అది భారతం కాదని ఎవరూ అనలేదు, ఎందుకంటే బలరాముడు బలరాముడిలాగే కోపగించుకుంటాడు, శకుని శకునిలాగే ఎత్తు వేస్తాడు. సంఘటన మారితే జనం క్షమిస్తారు. స్వభావం మారితే ఊరుకోరు. మీరు కీచకుడికి విషాద ప్రేమకథ పెడతానని రాశారు. పెట్టుకోండి, కానీ వాడు తన్నిన కాలు మాత్రం తప్పించకండి. తప్పిస్తే తర్వాత భీముడు చేసేది హత్య అవుతుంది. ఇంకో సంగతి, కీచకుడు చచ్చాక కథ అయిపోయినట్టు తీస్తారు. మూలంలో వాడి బంధువులు నూట అయిదుగురు ఉపకీచకులు ద్రౌపదిని కట్టేసి శవంతో పాటు కాల్చడానికి శ్మశానానికి లాక్కుపోతారు. నన్నడిగితే మీ నాలుగో ఎపిసోడ్ అక్కడ ఆగాలి, నర్తనశాల దగ్గర కాదు. ఆ చావు 1963లోనే 'నర్తనశాల' సినిమాలో ఎస్వీ రంగారావుతో తీసేశారు, దాంతో పోటీ ఎందుకు పెట్టుకోవడం?

భాష గురించి. గ్రాంథికం రాయకండి, రాసినా ఇప్పటి నటులు పలకలేరు, డబ్బింగ్‌లో నలుగురు మారతారు. అలాగని "ఏంటి బ్రో" తెలుగూ వద్దు. అన్నిటికన్నా ప్రమాదం మూడోది, హిందీ సీరియళ్ల డబ్బింగ్ నుంచి మనకి అంటుకున్న తెలుగు. భ్రాతాశ్రీ, మాతాశ్రీ, పితాశ్రీ. తెలుగింట్లో ఎవరూ ఎవర్నీ అలా పిలవలేదు. మనకి అన్నయ్య ఉన్నాడు, వదిన ఉంది, బావ ఉన్నాడు. కృష్ణుడు అర్జునుణ్ని "బావా" అన్నాడంటే ఆ ఒక్క పిలుపులో మేనరికం, చనువు, వేళాకోళం అన్నీ వచ్చేస్తాయి. ఇది మనకున్న వరం, వదులుకోకండి.

నేను పెట్టుకునే కొలత ఒకటి చెప్తాను. వాక్యం వాడుక వాక్యం, మాటలు కాస్త పాతవి. సంస్కృత సమాసం ఒక సీన్‌లో ఒకటికి మించకూడదు, అదీ కోపంలోనో మొక్కులోనో. పై చెట్టు మాటే తీసుకోండి. "ఓ పాచకా, ఇంధనార్థమై ఆ వృక్షరాజమును వీక్షించుచున్నావా" అని రాస్తే నవ్వొస్తుంది. "ఏం వలలా, పొయ్యిలోకి కట్టెలు అయిపోయాయా? నీడనిచ్చే చెట్టు జోలికెందుకు, ఊరవతల ఎండినవి లేవూ?" అంటే చాలు. గట్టిగా అనక్కర్లేదు, పాచికలు ఏరుకుంటూ అనాలి.

మీకు ఇంకో అవకాశం ఉంది. ఈ పర్వంలో ఒక్కొక్కరికి మూడేసి పేర్లు. అసలు పేరు, కొలువులో చెప్పుకున్న పేరు, ఇవి కాక తమలో తాము పిలుచుకోవడానికి అయిదుగురూ పెట్టుకున్న గుట్టు పేర్లు: జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు. ఏ పేరుతో ఎవరు ఎవర్ని ఎక్కడ పిలుస్తారన్నది ఒక పట్టిక వేసుకుని గోడకి అంటించుకోండి. ఎనిమిది ఎపిసోడ్లలో ఎవరో ఒకరు ఒక్కసారి తడబడి తప్పు పేరుతో పిలవబోవాలి. అది ఎక్కడో మీరే కనిపెట్టండి.

బృహన్నల పాత్ర దగ్గర చాలా జాగ్రత్త. మన తెర మీద ఆ వేషం కనబడగానే జనం నవ్వడానికి సిద్ధమవుతారు. వ్యాసుడు నవ్వించలేదు, తృతీయా ప్రకృతి అని మర్యాదగా చెప్పి ఆటపాటలు నేర్పే గురువుగా కూర్చోబెట్టాడు. నవ్వు కావాలంటే ఉత్తరకుమారుడు ఉన్నాడు. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కోతలు కోసి, కౌరవసేనని చూడగానే రథం దిగి పారిపోయేవాడు. వాణ్ని పట్టుకోవడానికి జడ ఊగుతూ ఎర్రబట్టలు ఎగురుతూ బృహన్నల వెంటపడుతుంటే దూరం నుంచి సేన నవ్వుతుంది, కానీ ఆ పరుగులో ఏదో గుర్తుపట్టి ఇతను అర్జునుడేమో అనే అనుమానమూ అక్కడే పుడుతుంది. నవ్వూ భయమూ ఒకే షాట్‌లో. దీనికి మీరు చేర్చాల్సింది ఏమీ లేదు.

మహిమల సంగతి త్వరగా చెప్పేస్తాను. కీచకుడి ఇంటికి వెళ్లేముందు ద్రౌపది సూర్యుడికి మొక్కుకుంటే, ఆయన కనబడని రాక్షసుణ్ని ఒకణ్ని కాపలా పెట్టాడని ఉంది. సభలో కీచకుణ్ని అతనే తోసేస్తాడు. వీఎఫ్‌ఎక్స్ వాళ్లకి ఈ ముక్క చెప్పకండి, కొమ్ములు పెట్టేస్తారు. ఎండ చూపించండి. ఆమె నడుస్తుంటే ఎండ వెంట నడుస్తుంది, వాడు తూలి పడినప్పుడు నేల మీద ఎండపొడ కదులుతుంది. నమ్మేవాడికి సూర్యుడు, నమ్మనివాడికి కాలు జారడం. భారతంలో మహిమలు చాలావరకు ఇలా చిన్నగానే ఉంటాయి. ద్రోణపర్వంలో ధర్మరాజు అబద్ధం ఆడగానే, అప్పటిదాకా నేలకి నాలుగు వేళ్ల ఎత్తున తేలుతూ తిరిగిన అతని రథం కిందికి దిగుతుంది. నాలుగు వేళ్లు! అంతకన్నా ఖర్చు తక్కువ ఎఫెక్ట్, అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి చెప్పండి చూద్దాం.

ఖర్చు అన్నాను కాబట్టి ఇదీ చెప్తాను. గోగ్రహణంలో కౌరవులు తోలుకుపోయిన ఆవులు అరవై వేలు అని ఉంది. మీకు ప్రొడక్షన్ వాళ్లు ఇచ్చేవి నలభై. వాటికీ ముందుగా జంతు సంక్షేమ మండలి అనుమతి తీసుకోవాలి, గుర్రాలకీ అంతే. దుమ్ము రాయండి, గంటల చప్పుడు రాయండి, పరిగెత్తుకొచ్చిన గోపాలకుడి ముఖం రాయండి. ఆవులు ఖాళీ అయిన దొడ్డిలో కట్టుగొయ్యలు చూపిస్తే అరవై వేలూ కనబడతాయి.

మనోభావాల గొడవ. పూర్తిగా తప్పించుకునే మార్గం ఎవరి దగ్గరా లేదు. ఓటీటీకి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు కానీ 2021 ఐటీ నిబంధనల కింద ఫిర్యాదుల వ్యవస్థ మూడు అంచెల్లో ఉంది. మతభావాలని కావాలని గాయపరిచారన్న కేసు పాత శిక్షాస్మృతిలో 295ఎ కింద పెట్టేవారు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299. అందులో "కావాలని" అన్నదే కీలకం. అందుకే ప్రతి సీన్‌కీ ఏ పర్వం, ఏ అధ్యాయం, లేదా తిక్కనలో ఏ ఆశ్వాసం అన్నది పక్కన రాసిపెట్టుకోండి. మీరు కల్పించిన చోట "కల్పితం" అని రాయండి. నిర్మాత లాయరుకి ఇది బంగారం. వ్యాసుడికీ తిక్కనకీ కాపీరైట్ లేదు. కానీ ఈ మధ్య వచ్చిన నవలలో, అనువాదంలో, సీరియల్లో కొత్తగా కల్పించిందానికి ఉంటుంది, రచయిత పోయాక కూడా 60 ఏళ్లు. ద్రౌపది మాటలు ఎక్కడో చదివి నచ్చి రాసుకున్నారనుకోండి, అది వ్యాసుడిదో ఆ నవలా రచయితదో తేల్చుకున్నాకే వాడండి.

కథ ఎవరు చెప్తారన్న ప్రశ్న మీరు అడగలేదు, అడగాల్సింది. దూరదర్శన్‌లో వచ్చిన హిందీ మహాభారతం 94 ఎపిసోడ్లూ కాలం చేత చెప్పించారు. మీకు అంత దూరం అక్కర్లేదు. విరాటపర్వం మొదట్లోనే జనమేజయుడు అడుగుతాడు, మా ముత్తాతలు విరాటనగరంలో దాక్కుని ఎలా బతికారు అని. ఈ పర్వం చివర పెళ్లవుతుంది, ఉత్తరకీ అభిమన్యుడికీ. వాళ్ల కొడుకు పరీక్షిత్తు, అతని కొడుకు జనమేజయుడు. అంటే వింటున్నవాడికి ఇది నాయనమ్మ పెళ్లి కథ. కౌరవుల మీదికి వెళ్తున్న బృహన్నలని ఆ పిల్ల ఏం తెమ్మంది? మా బొమ్మలకి మంచి గుడ్డలు తెమ్మంది. సమ్మోహనాస్త్రంతో భీష్ముడు తప్ప అందరూ పడిపోయాక ఉత్తరకుమారుడు రథం దిగి కర్ణుడివీ, అశ్వత్థామవీ, దుర్యోధనుడివీ రంగురంగుల ఉత్తరీయాలు ఒలుచుకొస్తాడు, చెల్లెలి బొమ్మలకి. తర్వాత ఆ అమ్మాయి జీవితంలో ఏం జరగబోతోందో వింటున్న మనవడికి తెలుసు, చూస్తున్న మనకీ తెలుసు. ఎవరూ ఆ మాట అనకూడదు.

రేపు పొద్దున ఏం రాయాలంటారా? రెండు సీన్లు రాయండి. ఒకటి, సుదేష్ణ ద్రౌపది చేతికి మూత ఉన్న బంగారు పాత్ర ఇచ్చి, కీచకుడి ఇంటి నుంచి కల్లు తెమ్మని పంపడం. పంపుతున్నది ఎందుకో ఇద్దరికీ తెలుసు. రెండోది పర్వం చివర్లో. విరాటుడు కొడుకు గెలిచాడని పొంగిపోతుంటే కంకుడు బృహన్నలని పొగుడుతాడు. రాజుకి మండి పాచికలు ముఖాన విసురుతాడు, ధర్మరాజు ముక్కు నుంచి రక్తం కారుతుంది. అది నేల మీద పడితే విరాటుడికి ముప్పు. ధర్మరాజు చేతుల్లోకి పట్టుకుని ద్రౌపది వైపు చూస్తాడు. ఆమె ఒక్క మాట మాట్లాడకుండా బంగారు పాత్రలో నీళ్లు తెచ్చి ఆ రక్తం పడుతుంది. ఒకప్పుడు నిండు సభలో తను తన్నులు తింటున్నప్పుడు కదలని మొగుడి రక్తం.

రెండుచోట్లా బంగారు పాత్రే. వ్యాసుడు అనుకుని పెట్టాడో లేదో గానీ, మీరు మాత్రం ఆర్ట్ డైరెక్టర్‌కి చెప్పి ఒకటే చేయించండి.